మందలో పొట్టేలు, ప్లేటులో మటన్

పెరట్లో తిరిగినంతసేపు అది కోడి. ప్లేటులోకి వచ్చేసరికి చికెన్. చెరువులో ఉన్నప్పుడు చేప, హోటల్ మెనూలో ఫిష్. మందలో పొట్టేలు, బిర్యానీలో మటన్. మా కలకడ వైపు సంతలో జీవాన్ని బేరమాడే మనిషి "పొట్టేలు ఎంతకిస్తావు?" అంటాడు. అదే మనిషి ఆదివారం పొద్దున కొట్టు దగ్గర నిలబడి "అన్నా, కేజీ మటన్" అంటాడు. ప్రాణంతో ఉన్నప్పుడు తెలుగు, కూరయ్యాక ఇంగ్లీషు. ఇది మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరికీ వింతగా కూడా అనిపించదు.

నిజానికి ఇంగ్లీషుకీ ఒకప్పుడు ఇదే జరిగింది. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాడు. ఆ తర్వాత చాలాకాలం కోటల్లో, కోర్టుల్లో, పెద్దవాళ్ల భోజనాల దగ్గర ఫ్రెంచి నడిచింది. పశువుల్ని మేపేవాళ్లు మాత్రం వాళ్ల పాత ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. అందుకే ఈ రోజుకీ ఇంగ్లీషులో దూడ అంటే కాఫ్, దాని మాంసం వీల్. గొర్రె షీప్, దాని మాంసం మటన్. ఆవు కౌ, దాని మాంసం బీఫ్. మేపేవాడి మాట ఒకటి, తినేవాడి మాట ఇంకొకటి. ఈ తేడా గీత గీసినట్టు ఒక్కరోజులో రాలేదు, చాలాకాలం రెండు రకాల మాటల్నీ కలగలిపి వాడారు. కానీ చివరికి ఇలా స్థిరపడింది. వాల్టర్ స్కాట్ 1819లో వచ్చిన 'ఐవన్‌హో' నవలలో ఒక విదూషకుడి చేత దీనిమీదే ఛలోక్తులు వేయించాడు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు వాళ్లు తెచ్చుకున్న ఆ 'మటన్'నే మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని, మేకకి కూడా తగిలించాం.

మటన్ అనొద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. నేనూ మటన్ అనే అంటాను. కూర పేరు ఇంగ్లీషైతే పెద్దగా పోయేదేమీ లేదు. నాకు దిగులు క్రియల గురించి. అంటే కూర వండేటప్పుడు చేసే పనుల పేర్లు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన నాలాంటి వాళ్లకి సాటే, సియర్, సిమ్మర్, డీగ్లేజ్ అన్నీ తెలుసు, ఎందుకంటే వంట మనం ఫోన్లో చూసి నేర్చుకుంటాం. పక్కగదిలోనే ఇరవై, ముప్పై ఏళ్లుగా రోజుకు మూడుపూటలా పొయ్యి ముందు నిలబడిన మనిషి ఉంటుంది. ఆమెను అడగడానికి మన దగ్గర మాట ఉండదు. 'సిమ్మర్' అని అడిగితే ఆమెకు తెలీదు, 'సన్నసెగ' అని ఆమె చెప్తే మనకు తెలీదు. ఇద్దరికీ తెలిసిన పని ఒక్కటే. మధ్యలో మాట తెగిపోయింది. నేర్పేవాళ్లు ఉండి, నేర్చుకునేవాళ్లు ఉండి, చదువు ఆగిపోవడం అంటే ఇదే.

ఈ మాట పప్పు మీదో చారు మీదో చెప్తే తేలిగ్గా ఉంటుంది. అందుకే కావాలని మనకు చాలా దూరంగా ఉన్న వంటకం ఒకటి తీసుకున్నాను. వీల్ చాప్స్ విత్ క్రీమీ మష్రూమ్ సాస్. ఎముకతో కోసిన లేత దూడ మాంసం ముక్కల్ని వెన్నలో ఎర్రగా వేయించి, పుట్టగొడుగులు, క్రీమ్ వేసి చేసిన చిక్కటి సాస్ పోసుకుని తింటారు. పేరులో ఒక్క తెలుగు అక్షరం లేదు. దీన్ని మా ఇంటి పొయ్యి మీద, మా ఇంటి మాటల్లో చేయవచ్చా?

ముందు ఆ వంటకం ఎక్కడిదో చూద్దాం. ఇలాంటి వంటకు బాగా పేరున్న చోటు మళ్లీ ఆ నార్మండీయే. అది గడ్డిమైదానాల ప్రాంతం, పాడికి పేరు. వెన్న, క్రీమ్, జున్ను సమృద్ధి. అక్కడ పెద్దగా పండేది ద్రాక్ష కాదు, ఆపిల్. అందుకే అక్కడి వాళ్లు ఈ సాస్‌లో ద్రాక్ష వైన్ బదులు ఆపిల్‌తో చేసిన సైడరో, కాల్వడోస్ అనే ఆపిల్ సారానో పోస్తారు. ఇక దూడ మాంసం ఎందుకు? ఆవు ఈనితేనే పాలిస్తుంది. పుట్టిన దూడల్లో దాదాపు సగం కోడెదూడలు, అవి పాలివ్వవు. పాడి ఎక్కువగా ఉన్న ఆ దేశాల్లో వాటిని మాంసానికి పెంచారు. అంటే ఆ ప్లేటులోని క్రీమూ, మాంసమూ ఒకే కొట్టం నుంచి వచ్చినవి. రెసిపీ చదివితే ఏదో స్టైల్‌గా కనిపిస్తుంది గానీ, అసలు విషయం చాలా మామూలుది. ఇంటి చుట్టుపక్కల ఏముందో దాంతో వండుకున్నారు.

మా వైపు కూడా పాడి ఉంది. పుంగనూరు పొట్టి ఆవు పేరు మీరు వినే ఉంటారు. చిక్కటి పాలకు పేరున్న జాతి అది. పలమనేరులోని పశు పరిశోధనా స్థానంలో ఆ జాతిని కాపాడుతున్నారు. పాడి ఉంది గానీ దూడ మాంసం మాత్రం ఇక్కడ వంటింటి మాట కాదు. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఆవునీ, ఆవుదూడనీ వధించకూడదు. ఎవరు ఏం తినాలనే గొడవలోకి నేను పోవడం లేదు. మా ఇంట్లో అది వండరు, మా ఊళ్లో అది దొరకదు. కాబట్టి నార్మండీ వాళ్లు చేసిన పనే మనమూ చేయాలి. ఇంటి చుట్టూ ఏముందో చూసుకోవాలి.

మనం సీఎస్ఈ వాళ్లం కాబట్టి ఇలా చెప్తాను. రెసిపీలోని ప్రతి సరుకూ ఒక ఇంటర్‌ఫేస్. అది ఏ పని చేస్తోందో తెలిస్తే ఇంప్లిమెంటేషన్ మార్చుకోవచ్చు. వీల్ చేసే పని, కొవ్వు తక్కువగా ఉండి, త్వరగా మెత్తబడే లేత కండ. మాకు దానికి సరిపోయేది లేత పొట్టేలో, మేకపిల్లో. పక్కటెముకతో సహా చాప్స్‌లా కోసివ్వమంటే కొట్టాయన కోసిస్తాడు. కాకపోతే ముందే చెప్పాలి. లేకపోతే మొద్దు మీద పెట్టి కూరముక్కలు కొట్టేస్తాడు. వైన్ చేసే పని పులుపు, కాస్త వాసన. మదనపల్లె పక్కన పుట్టి పులుపుకి వెతుక్కోవడం ఏంటి? దేశంలోనే పేరున్న టమోటా మార్కెట్ మాది. 2023 జులైలో అక్కడ కిలో నూటయాభై రూపాయలు దాటినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు చెప్పుకుంది. అదే టమోటాను ధరలేక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. వెన్నకి వెన్న ఉంది. దానికి తోడు చెనక్కాయ నూనె. క్రీమ్ సంగతి కొంచెం తర్వాత చెప్తాను.

ఇక పుట్టగొడుగులు. ఇంగ్లీషులో మష్రూమ్ అంటే అది ఎక్కడ పెరుగుతుందో ఆ పేరును బట్టి తెలీదు. తెలుగులో పేరే చెప్తుంది, పుట్ట మీద లేచే గొడుగు అని. సైన్సూ అదే చెప్తుంది. చెదలు పుట్టలోపల ఒకరకం శిలీంధ్రాన్ని తోటలా పెంచుకుంటాయి. దాని పేరు టెర్మిటోమైసిస్. వానలు పడ్డాక ఆ తోటలోంచి పైకి లేచేవే మనం ఇష్టంగా తినే పుట్టగొడుగులు. చెదలు లేకుండా వాటిని పెంచడం కష్టం, అందుకే అవి షాపుల్లో ప్యాకెట్లో దొరకవు. పెంటలోనూ, కుళ్లిన కట్టె మీదా ఎక్కడపడితే అక్కడ లేచే వాటికి ఇంకో మాట ఉంది, కుక్కగొడుగు. వాటిని తాకొద్దని మా అవ్వ హెచ్చరిక. ఈ రెండు మాటల మధ్య తేడా తెలిసిన మనిషి వానాకాలంలో పిల్లల ప్రాణం కాపాడగలదు. రెండింటినీ కలిపి మష్రూమ్స్ అంటే ఆ హెచ్చరిక వినిపించదు. పేరు ఒక్కటీ చూసి కోసుకొచ్చేయమని అనడం లేదు. అడవి పుట్టగొడుగులు బాగా తెలిసినవాళ్లు కోస్తేనే తినాలి. మేం వండిన రోజు మాత్రం ప్యాకెట్‌లో వచ్చే తెల్ల బటన్ పుట్టగొడుగులే వాడాం, 200 గ్రాములు.

ఇప్పుడు వంట. నలుగురికి ఎనిమిది చాప్స్, దాదాపు 700 గ్రాములు. నేను ఒక్కో మెట్టులో ఇంగ్లీషు రెసిపీ మాట చెప్పాను, అమ్మ, అవ్వ వాళ్ల మాట చెప్పారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కూర కంటే ఆ మాటలే ఎక్కువ రుచిగా అనిపించాయి.

మొదటిది 'మారినేట్'. దానికి ఊరబెట్టడం. ఉప్పు, మిరియాల పొడి, దంచిన తెల్లగడ్డ పట్టించి గంటసేపు. ముక్క ముదురని అనుమానముంటే చిన్న పచ్చి బొప్పాయి ముక్క నూరి కలపమని అవ్వ చెప్పింది. బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రొటీన్లను విడగొడుతుంది. అవ్వకు పపైన్ పేరు తెలీదు, పని తెలుసు. ఎక్కువేస్తే ముక్క పిండిపిండిగా అయిపోతుందని కూడా తెలుసు.

రెండోది 'సియర్'. పెనం బాగా కాగాలి, ముక్క మీద తడి ఉండకూడదు, గుడ్డతో అద్ది వేయాలి. నీళ్లు ఉన్నంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటదు. ముక్క ఎరుపెక్కి కమ్మటి వాసన రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ఆ ఎరుపు వెనక ఉన్న రసాయన చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరు మీద మయార్ రియాక్షన్ అంటారు. మరి ఎంత ఎరుపు? రెసిపీలో 'గోల్డెన్ బ్రౌన్' అని ఉంది. అమ్మ 'దోరగా' అంది. దోరజామ, దోరమామిడి అంటాం కదా, పూర్తిగా పచ్చీ కాదు, పూర్తిగా పండూ కాదు. వేపుడులోనూ అదే మాట. పచ్చితనం పోవాలి, మాడిపోకూడదు. గోల్డెన్ బ్రౌన్ అంటే ఏ బంగారం, ఏ బ్రౌన్ అని నేను ఊహించుకోవాలి. దోర అంటే చిన్నప్పటి నుంచి తిన్న జామకాయ గుర్తొస్తుంది.

మూడోది 'సాటే', తర్వాత 'స్వెట్'. చాప్స్ తీసి పక్కన పెట్టి, అదే పెనంలో వెన్న వేసి, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, తర్వాత పుట్టగొడుగులు. బటన్ పుట్టగొడుగుల్లో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆ నీళ్లన్నీ బయటికొచ్చి, ఆవిరైపోయాకే అవి వేగడం మొదలవుతాయి. ఎర్రగడ్డలు మెత్తబడటానికి అమ్మ వాడిన మాట 'మగ్గనీ'. మామిడికాయల్ని గడ్డిలో వేసి మగ్గబెట్టడం కూడా ఇదే మాట. మూసిపెట్టిన వెచ్చదనంలో తనంతట తను మెత్తబడటం. తోటలో నేర్చిన మాట, పొయ్యి మీద కూడా అంతే పనిచేస్తోంది.

నాలుగోది నాకు బాగా నచ్చింది. వేయించిన పెనానికి అడుగున ఎర్రగా అంటుకుని ఉంటుంది కదా, కాసిని నీళ్లో వైనో పోసి దాన్ని గీకి సాస్‌లో కలిపేయడమే 'డీగ్లేజ్'. నేను టమోటా గుజ్జు, అరగ్లాసు నీళ్లు పోసి గరిటెతో గీకుతుంటే అవ్వ తొంగి చూసింది.

"ఏం చేస్తాండావు అబ్బోడా?"

"డీగ్లేజ్ అవ్వా."

"అడుగు గీకతా ఉండానని చెప్పరాదా!"

ఇంకో విషయం. ఆ అంటుకున్న రుచినంతటినీ ఫ్రెంచి వంటవాళ్లు 'ఫాన్' అంటారు. ఆ ఫ్రెంచి మాటకి అర్థం ఏంటో తెలుసా? అడుగు. పెద్ద పెద్ద షెఫ్‌లు గొప్పగా చెప్పే ఆ మాటకీ, మా అవ్వ అడుగుకీ తేడా లేదు. సంగటి గిన్నెలో అడుగు గీకి, ఆ మాడుచెక్క కోసం కొట్టుకునే పిల్లలున్న ఇంట్లో ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

ఐదోది 'సిమ్మర్', 'రెడ్యూస్'. చాప్స్ మళ్లీ అందులో పెట్టి, మూతపెట్టి, సన్నసెగ మీద ఉడకనివ్వాలి. లేతదైతే అరగంట, ముదురైతే ఇంకా ఎక్కువ. గడియారం చూడొద్దు, ఎముక దగ్గర కండ వదులైందా లేదా చూడమంది అమ్మ. కండని పట్టుకుని ఉండే కొలాజెన్ నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారేది ఇక్కడే. మెత్తబడ్డాక మూత తీసి నీళ్లు ఇగరబెట్టాలి. ఇగరడం అంటే నీరు కొద్దికొద్దిగా తగ్గిపోవడం. చెమ్మ ఇగిరిపోయింది అని నేల గురించీ అంటాం. వాన కోసం ఎదురుచూసే ఊళ్లో ఈ మాట ఎంత బరువైందో చెప్పక్కర్లేదు.

ఆరోది క్రీమ్. అమెరికాలో హెవీ క్రీమ్ అని అమ్మేదాంట్లో కనీసం 36 శాతం కొవ్వు ఉండాలి. మన దగ్గర అమూల్ డబ్బాలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతం. కాచిన పాల మీద తీసిన మీగడలో కొవ్వుతోపాటు పాల ప్రొటీన్ కూడా ఎక్కువే. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కొవ్వు బాగా ఎక్కువున్న క్రీమ్ పులుపునీ, వేడినీ తట్టుకుంటుంది. తక్కువున్నదీ, మీగడా తట్టుకోలేక ముక్కలవుతాయి. వీడియోలో వాళ్లు క్రీమ్ పోసి గలగలా మరిగిస్తారు. మనం అలా చేయకూడదు. అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "దించినాక వెయ్యి, లేకుంటే విరుగుతాది." పాలు విరగడం చూడని ఇల్లుందా? టమోటా పులుపు ఉన్నచోట పాలు పోస్తే ఏమవుతుందో ఆమెకు కెమిస్ట్రీ పుస్తకం చెప్పలేదు. అందుకే మంట ఆర్పి, ఒక నిమిషం ఆగి, గిలకొట్టిన మీగడ ఐదారు చెంచాలు కొద్దికొద్దిగా కలిపాం. విరగలేదు, చిక్కబడింది.

చివరిది 'రెస్ట్'. మాంసం దించాక వెంటనే కోయకుండా కాసేపు వదిలేయడం. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి ముక్కలు లోపల 63 డిగ్రీలు చేరాక మూడు నిమిషాలు ఆగమని చెప్తుంది. దీనికి మాకు మాట లేదనుకున్నాను. అవ్వ మూతపెట్టి, "ఉమ్మగిల్లనీ" అంది. అన్నం దించాక, సంగటి గెలికాక, మూతకింద తన వేడిలోనే తను సర్దుకోవడం. రెస్ట్ అంటే మనిషి పడుకున్నట్టు ఉంటుంది. ఉమ్మగిల్లడంలో లోపల పని ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. సైన్సు ప్రకారం కూడా అదే నిజం. దించాక కూడా ముక్క లోపల వేడి కాసేపు పెరుగుతూనే ఉంటుంది.

రాగిసంగటి ముద్దలో గుంట చేసి ఆ సాస్ పోసుకుని తిన్నాం. కారం తక్కువైందని నాన్న ఊరిబిండి వేసుకున్నాడు. నార్మండీ వాళ్లు చూస్తే ఏమంటారో తెలీదు గానీ, మా ఇంట్లో గిన్నె మాత్రం ఖాళీ.

ఇప్పుడు అసలు వాదనకి వస్తాను. ఊరబెట్టు, దోరగా వేయించు, మగ్గబెట్టు, అడుగు గీకు, ఇగరబెట్టు, విరగనివ్వకు, ఉమ్మగిల్లనివ్వు. ఏడు మాటలు. ఈ ఏడూ ఏదో మ్యూజియంలో పెట్టాల్సిన పాతమాటలు కావు, పరాయి వంటకాన్ని కూడా మొదటి నుంచి చివరిదాకా నడిపించగలిగినవి. పైగా ఇవి ఒంటరి మాటలు కావు. దోర చెట్టు మీది మాట, మగ్గడం తోట మాట, ఇగరడం నేల మాట. వంటింట్లో ఒక మాట మరిచిపోతే పొలంలో కూడా ఒక మాట వదులవుతుంది. మా తాతల తరంలో పొలం, పొయ్యి ఒకే భాషలో మాట్లాడుకునేవి. మా తరంలో పొలం దూరమైంది, పొయ్యి ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

"ఇదంతా శుద్ధతెలుగు పిచ్చి" అని మీలో కొందరు అంటారు. కాదు. టమోటా అన్న మాటే మెక్సికోలోని నాహువాటుల్ భాషలో పుట్టి, స్పానిష్ మీదుగా తిరిగి మన దగ్గరికొచ్చింది. మిరక్కాయ కూడా పోర్చుగీసు ఓడల కాలంలో సముద్రం దాటి వచ్చిందే. అవి రాకపోతే రాయలసీమ కారం ఎక్కడిది? చాప్ అనే ముక్కకి సరిగ్గా సరిపోయే మాట మాకు దొరకలేదు, చాప్ అనే రాశాను. కొత్త వస్తువుకి కొత్త మాట రావడం భాషకి బలం. ఉన్న పనికి ఉన్న మాటను మర్చిపోయి, బయటి మాట తెచ్చుకోవడం వేరే సంగతి. మొదటిది చేర్చుకోవడం, రెండోది పారేసుకోవడం.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. "ఈ మాటలన్నీ అమ్మల దగ్గరే ఎందుకు ఉన్నాయి? వాళ్లు ఇష్టపడి దాచుకున్నారా, వేరే దారిలేక వాళ్ల దగ్గర ఉండిపోయాయా?" ఆమె చెప్పింది నిజం. వంటింటిని పొగిడే మగపిల్లల వ్యాసాలు మనం చాలా చదివాం. పొగిడి, మళ్లీ ప్లేటు ముందు కూర్చుంటారు. అమ్మ చేతివంట అని కవిత్వం రాయడం కంటే, అమ్మ పక్కన నిలబడి ఎర్రగడ్డలు తరగడం వల్ల ఈ మాటలు బతుకుతాయి. క్రియాపదం వింటే రాదు, చేస్తే వస్తుంది. 'మగ్గడం' ఎప్పుడు పూర్తయిందో చేతిలో గరిటె ఉన్నవాడికే తెలుస్తుంది. కాబట్టి నా మాట ముందుగా మగపిల్లలకి. ఇంటికెళ్లినప్పుడు వంటింట్లోకి వెళ్లండి, ఒక పూట వంట మీరు చేయండి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పమనండి.

"పుస్తకాల్లో ఉన్నాయి కదా" అని మూడో మాట. ఉన్నాయి. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' ఎన్నో ఇళ్లలో కొత్త కాపురాల్ని నిలబెట్టిందని పెద్దవాళ్లు చెప్తారు. కానీ పుస్తకం ఒకే తెలుగు రాస్తుంది, ఇల్లు తన తెలుగు మాట్లాడుతుంది. పుస్తకంలో ఉల్లిపాయ, మా ఇంట్లో ఎర్రగడ్డ. పుస్తకంలో వెల్లుల్లి, మా ఇంట్లో తెల్లగడ్డ. పుస్తకంలో తాళింపు, మా ఇంట్లో తిరగబాత. పుస్తకంలో వేరుశనగ, మా ఇంట్లో చెనక్కాయ. నా హాస్టల్ రూమ్‌లో నలుగురం నాలుగు జిల్లాల వాళ్లం, నాలుగు పేర్లు. ఇంగ్లీషు మాట రాకముందే మనలో మనమే ఒకరి మాటను చూసి ఒకరం నవ్వాం. మా వైపు మాట 'మొరటు' అనిపించుకుని మూలకి పోయాక, ఆ ఖాళీలోకి ఇంగ్లీషు తేలిగ్గా వచ్చి కూర్చుంది.

మరి ఏం చేద్దాం? దీనికి దారి ముందే ఒకరు వేశారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టారు. 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాల సంపుటం. పండితులు ఊళ్లకు వెళ్లి, రైతుల్నీ నేతగాళ్లనీ అడిగి, ఏ ఊళ్లో ఏ పనిముట్టుని ఏమంటారో రాసుకున్నారు. అప్పట్లో కాగితాలు, బస్సులు, నెలల తరబడి తిరుగుడు. ఇప్పుడు మన జేబులో రికార్డర్ ఉంది, క్లబ్బు గ్రూపులో ఎన్నో ఊళ్ల వాళ్లున్నాం.

నా ప్రతిపాదన చిన్నది. మన క్లబ్బు తరఫున ఒక షీట్ తెరుద్దాం. నాలుగు కాలమ్స్ చాలు. మాట, దాని అర్థం మన సొంత వాక్యంలో, ఏ ఊరు, ఏ వంట చేస్తూ విన్నాం. చెప్పిన మనిషి పేరు రాయక్కర్లేదు, 'అవ్వ', 'పెద్దమ్మ', 'హాస్టల్ వంటాయన' అని రాస్తే చాలు. హాస్టల్ వంటాయన్ని మర్చిపోవద్దు, వందలమందికి ఒకేసారి ఎసరు పెట్టే మనిషికి తెలిసిన మాటలు మన ఇళ్లలో కూడా దొరకవు. ఒప్పుకుంటే వాళ్ల గొంతు కూడా రికార్డు చేద్దాం, ఎందుకంటే 'ఉమ్మగిల్లనీ' అనడంలో ఉన్న ఆ నెమ్మది అక్షరాల్లో రాదు. ఒక్కొక్కరం ఐదు మాటలు తెస్తే, ఒక్క సెమిస్టర్‌లో మనకి ఒక నిఘంటువు తయారవుతుంది.

మన బ్రాంచ్ వాళ్లకి ఇంకో కారణం కూడా చెప్తాను. రేపు మనం తయారుచేసే యాప్‌లు, మనం ట్రెయిన్ చేసే మోడళ్లు, రాసి ఉన్న భాషనుంచే నేర్చుకుంటాయి. రాయని మాట వాటికి పుట్టని మాట. ఫోన్‌ని తెలుగులో అడిగితే అది 'సాటే చేయండి' అని జవాబిచ్చే రోజు వచ్చేసింది. దాన్ని తిట్టి లాభం లేదు. దానికి 'దోరగా వేయించండి' అని ఎవరూ రాసిపెట్టలేదు, అంతే. రాయగలిగిన వాళ్లం మనమే, ఎందుకంటే ఈ రెండు భాషల మధ్య గుమ్మంలో నిలబడ్డ తరం మనదే. మన అమ్మలకి ఇంగ్లీషు పేర్లు తెలీవు, మన తర్వాత వాళ్లకి తెలుగు పేర్లు తెలీకపోవచ్చు.

వంట ఏ దేశానిదైనా ఫరవాలేదు. వీల్ చాప్స్ కావచ్చు, పాస్తా కావచ్చు, రామెన్ కావచ్చు. ఈసారి వీడియోని ఒక్క నిమిషం ఆపి, ఇంట్లో ఉన్నవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి. "దీన్ని మనం ఏమంటాం?" జవాబుతో పాటు ఒక చిట్కా, ఒక హెచ్చరిక, బహుశా ఒక తిట్టు కూడా వస్తాయి. నాలుగూ షీట్‌లో రాసేయండి.